చక్రానికి మేకు

చక్రం తిరిగి తీరాలని ఏ ఉత్తర్వులోనూ లేదు. కావాలంటే వెతుక్కోండి. రాష్ట్ర చలన సహాయ ఉపకరణాల సంస్థ వాళ్ళు వెతికారు. నడవలేనివాళ్ళకు చేత్తో తిప్పుకుంటూ పోయే మూడు చక్రాల బండ్లు చేసి పంచడం ఆ సంస్థ పని. విజయనగరం పొలిమేరలో మూతపడిన జూట్ మిల్లు పక్కన దాని ఆఫీసు, వెనకాల వర్క్‌షాపు, ముందు పెద్ద ఇనుప గేటు. పాత ఫైళ్ళన్నీ తిరగేసి అలాంటి ఉత్తర్వు ఎక్కడా లేదని తేల్చాక ఆఫీసంతా హమ్మయ్య అనుకుంది. అనుకోనిది మజ్జి సూర్యకళ ఒక్కతే.

సూర్యకళ కంప్యూటరు గదిలో కాంట్రాక్టు ఉద్యోగి. బండి తయారయ్యే ముందు దాని బొమ్మ కంప్యూటరులో తయారవ్వాలి. చట్రం విడిగా గీస్తుంది, చక్రాలు విడిగా, సీటు విడిగా, గొలుసు విడిగా. తర్వాత వాటిని ఒకచోట చేర్చి బండిగా బిగిస్తుంది. ఆ బిగింపుని అసెంబ్లీ అంటారు. దానికి ఒకటే నియమం. మొట్టమొదట పెట్టిన భాగం కదలదు. దాని పేరు పక్కన కంప్యూటరు చిన్న మేకు గుర్తు వేస్తుంది. మిగతావన్నీ దాన్ని ఆసరా చేసుకుని నిలబడతాయి. తిరగాల్సింది తిరుగుతుంది, వంగాల్సింది వంగుతుంది. పాక వేసేవాడు ముందు గుంజ పాతుకున్నట్టే. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. కాకపోతే ఆ ప్రోగ్రాము రాసినవాళ్ళకి మన ఆఫీసుల్లో సీనియారిటీ అనేది ఒకటి ఏడుస్తుందని తెలియదు. వాళ్ళు చేసిన తప్పు అదొక్కటే.

ఇక గేటు దగ్గర వేరుశనగపప్పులు అమ్మే పైడయ్య సంగతి. సూర్యకళకి మేనమామ. చిన్నప్పుడే పోలియోతో రెండు కాళ్ళూ పోయాయి. అక్క చనిపోతే ఆమె కూతుర్ని ఆ పప్పుల బుట్ట మీదే పెంచాడు, పాలిటెక్నిక్ దాకా చదివించాడు. ఆయన పాత బండి ఇరుసు విరిగి మూలపడింది. అప్పట్నుంచి పొద్దున్నే పక్కింటి ఉల్లిపాయల వాడు తన తోపుడుబండి మీద తెచ్చి దించుతున్నాడు. సాయంత్రం ఉల్లిపాయలు అమ్ముడుపోతే తీసుకుపోతాడు, లేకపోతే ఆలస్యంగా తీసుకుపోతాడు. కొత్త బండ్లలో మొదటిది నీదే మావా, అని సూర్యకళ మాటిచ్చింది. ఆఫీసు కూడా జాబితాలో మొదటి పేరు ఆయనదే పెట్టింది. గేటు ముందే ఉంటాడు కాబట్టి ఫోటోకి రవాణా ఖర్చు ఉండదని.

రోజూ ఆమె గేటు దాటేటప్పుడు ఆయన అడిగే ప్రశ్న ఒకటే.

“ఏటే గుంటా, నా బండి ఇంకా ఆ టీవీలోనే తిరగతన్నాదేటి?”

“టీవీ కాదు మావా, కంప్యూటరు. బాగా తిరుగుతన్నాది.”

“అయితే నన్నూ అందులోకే ఎక్కించీ. ఈ ఉల్లిపాయల కంపు తప్పుద్ది.”

నిజంగానే బాగా తిరిగేది, విభాగాధిపతులకి చూపించేదాకా.

ఆ రోజు గోడ మీద పెద్ద తెర దించి, మేనేజింగ్ డైరెక్టర్ పురుషోత్తమంగారి సమక్షంలో సూర్యకళ బండి నడిపి చూపించింది. మౌస్‌తో చక్రాన్ని పట్టుకుని లాగితే గిర్రున తిరిగింది. సీటు విభాగం విశాలాక్షిగారు చప్పట్లు కొట్టబోయి ఇంకెవరూ కొట్టడం లేదని ఆగారు. చక్రాల విభాగం వరహాలరావుగారి చూపు బండి మీద లేదు. తెర ఎడమ పక్కన భాగాల పేర్లున్న వరస మీద ఉంది. అందులో చట్రం పేరు పైనుంది, పక్కన మేకు ఉంది. చక్రం పేరు దాని కింద, కాస్త లోపలికి జరిగి ఉంది. చట్రం విభాగం కామేశంగారిది. కామేశం వరహాలరావు కంటే ఒక బ్యాచి జూనియరు.

“ఆ మేకు ఏమిటి?” అన్నారు వరహాలరావు.

సూర్యకళ చెప్పింది. చట్రం స్థిరంగా ఉంటుంది సార్, చక్రం దాన్ని ఆధారం చేసుకుంటుంది.

“నేను కామేశాన్ని ఆధారం చేసుకున్నానా?”

మీరు కాదు సార్, చక్రం, అంది సూర్యకళ. ఆ వాక్యం వరహాలరావుగారి సర్వీసులో ఎవరూ ఆయనకి చెప్పని రకం. చక్రం వేరూ తనూ వేరూ అనే ఊహ ఆయనకి అంతవరకూ రాలేదు. చట్రాన్ని తీసేసి చూపించమన్నారు. ఆమె తీసేసింది. చక్రం ఎర్రగా అయిపోయి, ఆధారం దొరకడం లేదని కంప్యూటరు ఫిర్యాదు చేసింది. కామేశం గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు చాలు, కొంపలు ముంచడానికి.

మర్నాటికి వరహాలరావుగారి లేఖ పైకి వెళ్ళింది. మానవజాతి చరిత్రలో చక్రం ముందు పుట్టిందనీ, చట్రం తర్వాత వచ్చిందనీ, ముందు పుట్టినదాన్ని వెనక పుట్టినదానికి వేలాడదీయడం సర్వీసు నిబంధనలకీ నాగరికతకీ కూడా విరుద్ధమనీ అందులో ఉంది. విశాలాక్షిగారికీ కోపం వచ్చింది. బండి ఉన్నది కూర్చునేవాడి కోసమైతే, కూర్చునేది దేని మీదో పెద్దలు ఆలోచించాలని ఆవిడ ఇంకో లేఖ రాశారు. కామేశం మాత్రం, తనకి మేకు మీద వ్యామోహం లేదనీ, వచ్చిన మేకుని వదులుకుంటే విభాగం నైతిక స్థైర్యం దెబ్బతింటుందని మాత్రమే భయమనీ రాశాడు.

పురుషోత్తమంగారు ఎవరి మనసూ నొప్పించని మనిషి. అందుకే అంత పైకి వచ్చారు. కమిటీ వేశారు, కమిటీ భోంచేసింది, సమాన స్థిరత్వ ఉత్తర్వు వెలువడింది. “అసెంబ్లీలో పాల్గొనుచున్న సమస్త విడిభాగములకును, విభాగాధిపతి కలిగియున్న పక్షమున, తక్షణమే స్థిర హోదా కల్పించవలెను. ఒక భాగము మరియొక భాగమును ఆధారము చేసికొను దురాచారము నేటితో రద్దు.”

సూర్యకళ ఆ కాగితం పట్టుకుని డైరెక్టరుగారి గదిలోకి వెళ్ళింది. అన్నిటికీ మేకు కొడితే చక్రం తిరగదు సార్, అంది.

ఆయన ఆమె వంక జాలిగా చూశారు. “చూడమ్మా, నువ్వు సాంకేతిక విషయం మాట్లాడుతున్నావు. ఇది పరిపాలనా విషయం.”

చక్రం తిరిగి తీరాలని ఉత్తర్వు ఏమైనా ఉందేమో ఆయన వెతికించింది అప్పుడే. లేదని తేలాక సూర్యకళ చేసేదేముంది. కాంట్రాక్టు ఆర్నెల్లకోసారి పొడిగించేది వీళ్ళే. కుర్చీలో కూర్చుని చట్రానికి మేకు కొట్టింది, చక్రాలకి కొట్టింది, సీటుకి కొట్టింది. మౌస్‌తో చక్రాన్ని లాగి చూసింది. బండరాయిలా ఉండిపోయింది. ఒక్క గొలుసుకి మాత్రం మేకు పడలేదు. గొలుసు విభాగాధిపతి గంగాధరంగారు రిటైరయ్యాక ఆ కుర్చీ ఎవరికీ ఇవ్వలేదు. గొలుసు తరఫున అడిగే నాథుడు లేడు.

ఉత్తర్వు అమలై వారం తిరక్కుండానే దాని సత్ఫలితాలు మొదలయ్యాయి. కదిలేవి ఒకదాన్నొకటి గుద్దుకుంటే కంప్యూటరు తప్పులు చూపించేది. ఏదీ కదలకపోయేసరికి తప్పుల పట్టిక ఖాళీ అయిపోయింది. సంస్థ పుట్టాక ఇలాంటిది జరగలేదు. పక్క జిల్లాల సంస్థల నుంచి అధికారులు బృందాలుగా వచ్చి, ఆ ఖాళీ పట్టిక ముందు నిలబడి ఫోటోలు దిగారు. వరహాలరావుగారు తన తెర మీద చక్రం ఒక్కటే కనిపించేలా, మిగతా భాగాలన్నీ మాయమయ్యేలా ఏర్పాటు చేయించుకున్నారు. అలాంటి సౌకర్యం ప్రోగ్రాములో ఉంది, ఒక భాగాన్ని విడిగా చూసి పని చేసుకోవడానికి. ఆయన పని చెయ్యలేదు, చూసుకున్నారు. తెల్లటి ఆకాశంలో పున్నమి చంద్రుడిలా చక్రం. కామేశం గదిలో చట్రం ఒక్కటే. విశాలాక్షిగారి గదిలో సీటు, సింహాసనంలా. బండి మొత్తం కనిపించేది సూర్యకళ తెర మీదే. ఆమె మాట ఎవరిక్కావాలి?

ఇంతలో స్పీడుబ్రేకర్లకి తగులుతుందేమోనని కామేశం చట్రాన్ని జానెడు ఎత్తు పెంచాడు. మామూలుగా అయితే చక్రాలూ ఇరుసూ దాంతోపాటు సర్దుకునేవి. ఇప్పుడు ఎవరి మేకు వాళ్ళది. చట్రం పైకి పోయింది, చక్రాలు కిందే ఉండిపోయాయి, మధ్యలో జానెడు గాలి. కామేశం దిగిరావాలన్నారు వరహాలరావు. వరహాలరావే పైకి రావచ్చు, నేను వద్దన్నానా, అన్నాడు కామేశం. డైరెక్టరుగారు ఆ జానెడుకి సమన్వయ స్థలం అని పేరు పెట్టారు. పేరు పెట్టాక అది సమస్య ఎలా అవుతుంది?

వర్క్‌షాపు ఇన్‌ఛార్జి సన్యాసిరావు మాత్రం ఆఫీసుకి ఫోను చేశాడు. బొమ్మలో చక్రాలు గాలిలో ఉన్నాయి, చక్రం దగ్గర కదలరాదు అని రాసుంది, ఏం చెయ్యమంటారు అని. బొమ్మ ప్రకారం చెయ్యమన్నారు. సమన్వయ స్థలంలో ఇనుప ముక్క పెట్టి అతికేయమంటారా అని అడిగాడు. బొమ్మ ప్రకారం. ఇరుసుకీ చక్రానికీ కలిపి వెల్డింగు కొట్టేయమంటారా? బొమ్మ ప్రకారం. సన్యాసిరావుకి కూతురి పెళ్ళి ఉంది, సస్పెన్షను ఇష్టం లేదు. కొట్టేశాడు. ఎంత గట్టిగా కొట్టాడంటే, జిల్లాలో అంత మంచి వెల్డింగు ఇంకో బండికి లేదు.

పంపిణీ సభ గేటులోనే పెట్టారు, సంస్థ బోర్డు ఫోటోలో పడాలని. వర్క్‌షాపు నుంచి మొదటి బండిని దొర్లించుకు రాబోతే దొర్లలేదు, మనుషులు మోసుకొచ్చి సరిగ్గా గేటు నడిమధ్యన దించారు. పైడయ్య ఆ రోజు తలంటుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఎత్తి కూర్చోబెట్టారు. సీటు మెత్తగా ఉంది. ఆయన చేత్తో సీటు తడిమి, సూర్యకళ కోసం చూశాడు. ఆమె జనం వెనకాల తల దించుకుని ఉంది.

ముఖ్య అతిథి, దైవం కాళ్ళివ్వకపోతే ప్రభుత్వం చక్రాలిచ్చింది, అని ముగించారు. ఫోటో తీశారు. నడపవయ్యా, అన్నారు.

పైడయ్య చేతి పెడలు పట్టుకుని తిప్పాడు. గొలుసు బాగా తిరిగింది. హాయిగా, అడ్డూ ఆపూ లేకుండా తిరిగి, పళ్ళ మీంచి జారి కింద పడింది. చక్రం ఉలకలేదు, పలకలేదు.

డైరెక్టరుగారు మైకు అందుకున్నారు. పూర్వపు బండ్లలో లబ్ధిదారులు పల్లంలో జారిపోవడం, గోతిలో పడడం వంటి దుర్ఘటనలు జరిగేవనీ, సంపూర్ణ స్థిరత్వం సాధించిన ఈ బండిలో లబ్ధిదారుడు పడిపోవడం శాస్త్రరీత్యా అసాధ్యమనీ చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. పైడయ్య అంతా ఓపిగ్గా విన్నాడు.

“బాబూ, పడిపోకుండా ఉండాలంటే మా ఇంటి అరుగు సాలదేటి?” అన్నాడు.

మైకు దగ్గరే ఉండడంతో ఆ మాట అందరికీ వినిపించింది. ముఖ్య అతిథికి ఇంకో ఊళ్ళో ఇంకో సభ ఉందని హఠాత్తుగా గుర్తొచ్చింది. ఆయన కారు గేటు బయట ఉంది, వెళ్ళిపోయారు. డైరెక్టరుగారి కారు లోపల ఉంది. బండి గేటు మధ్యలో ఉంది. డ్రైవరు హారన్ కొట్టాడు.

పక్కకి జరగవయ్యా, అన్నారు డైరెక్టరుగారు.

“నానెలాగ జరుగుతాను బాబూ? జరక్కుండా మీరే కదా బిగించీసినారు.”

పోనీ కిందికి దిగు, ఎత్తి పక్కన పెట్టిస్తాను అంటే, పైడయ్య అడ్డంగా తలూపాడు. నాకిచ్చిన బండి, ఫోటో కూడా తీసినారు, నడిస్తే నడిపించుకుపోతాను, నడవకపోతే ఇక్కడే ఉంటాను, అన్నాడు. సరే, మనిషితో సహా ఎత్తేద్దామని గార్డులు వంగారు. వరహాలరావుగారు చెయ్యి అడ్డం పెట్టారు. చక్రం స్థిర హోదా గల భాగం. విభాగాధిపతి సమ్మతి లేకుండా దాన్ని స్థానభ్రంశం చెయ్యడానికి వీల్లేదు. ముందు కామేశం తన చట్రాన్ని ఎత్తుకోమనండి, అప్పుడు చూద్దాం. కామేశం, చక్రం లేస్తే నాది లేస్తుందన్నాడు. విశాలాక్షిగారు, మనిషి కూర్చుని ఉండగా సీటుని ముట్టుకోవడం మర్యాద కాదన్నారు. ముగ్గురి మాటా ఉత్తర్వు ప్రకారం సబబే. ఉత్తర్వు మీద సంతకం డైరెక్టరుగారిదే.

మర్నాడు ప్రహరీ గోడ పగలగొట్టి కారుకి దారి చేశారు.

అలా పైడయ్య గేటు మధ్యలో ఉండిపోయాడు. మిగతాదంతా ఆయన చుట్టూ సర్దుకోవడం మొదలుపెట్టింది. గార్డు గది పగిలిన గోడ దగ్గరికి మారింది. బోర్డు కూడా అటే పోయింది. రెండో రోజు వర్షం పడింది. సూర్యకళ బండి మీద పరదా కట్టింది. ఆయన ఒళ్ళు వెచ్చగా ఉంది.

“ఇంటికి పోదాం మావా. ఉల్లిపాయల బండి పిలుస్తాను.”

“దిగితే మళ్ళీ ఆ ఉల్లిపాయల పక్కనే కదే. సచ్చేదాకా.” పరదా అంచు నుంచి కారే నీళ్ళని చేత్తో పక్కకి తోశాడు. “నీ టీవీలో తిరిగినాదన్నావు. అబద్ధమాడినావేటి?”

ఆ చక్రానికి మేకు కొట్టిన చెయ్యి ఆమెదే. మిగతావాళ్ళు కాగితం రాశారు, అంతే.

ఆ మధ్యాహ్నం కంప్యూటరు ముందు కూర్చుని మౌస్‌తో ఒక్కొక్క భాగాన్నీ లాగుతూ పోయింది. చట్రం కదల్లేదు. సీటు కదల్లేదు. చక్రం కదల్లేదు. గొలుసు కదిలింది. చేతిలో పాములా మెలి తిరిగింది. ఎందుకు కదిలిందో ఆమెకి తెలుసు; అప్పటిదాకా దాని గురించి ఆలోచించలేదు, అంతే. ఆ విభాగానికి అధికారి లేడు. అధికారి లేనిదానికి హోదా లేదు, హోదా లేనిదానికి మేకు లేదు.

ఇన్నాళ్ళూ వాళ్ళకి నిజం చెప్పి చూసింది. ఇక వాళ్ళ భాషలో చెప్పి చూద్దామనుకుంది. తిన్నగా వరహాలరావుగారి గదికి వెళ్ళింది. ఆయన తన చంద్రుణ్ణి చూసుకుంటున్నారు.

“సార్, ఒక్క విషయం నాకు బాధగా ఉంది. మీ స్థాయి విభాగానికి ఈ తిరుగుడు పని ఎందుకు సార్?”

ఆయన కనుబొమలు లేచాయి.

“చక్రం మీదే. అది ఎప్పటికీ మీదే. తిరగడం మాత్రం కూలిపని కదా సార్. బురదలో తిరగాలి, రోడ్డు మీద తిరగాలి. దాన్ని గొలుసు విభాగానికి తోసెయ్యండి. చక్రం మీ దగ్గర, తిరుగుడు వాళ్ళ దగ్గర.”

వరహాలరావుగారు కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నారు. ముప్పయ్యేళ్ళ సర్వీసులో తనమీద ఇంత అన్యాయమైన బరువు పడి ఉందని ఆయన గమనించనే లేదు. తిరగడమా, తనా? ఆ సాయంత్రానికే లేఖ కదిలింది. పురుషోత్తమంగారికి ఎవరి మనసూ నొవ్వని పరిష్కారం దొరికింది. తిరుగుట, దొర్లుట మొదలైన హీన క్రియలను గొలుసు విభాగమునకు బదలాయించడమైనది. గొలుసు విభాగం అభ్యంతరం చెప్పలేదు. చెప్పడానికి అందులో ఎవరూ లేరు.

తిరుగుడు ఇప్పుడు అధికారి లేని విభాగానిది, దానికి మేకు అక్కర్లేదు కాబట్టి సూర్యకళ చక్రం మీద మేకు తీసింది. సన్యాసిరావు వెల్డింగు కోసే సామాను తోసుకుంటూ గేటు దగ్గరికి తనే వచ్చాడు. తను కొట్టిన వెల్డింగు తనే కోసుకుంటూ, ఎంత మంచి వెల్డింగో అని మధ్యమధ్య గొణుక్కున్నాడు. బేరింగులు కొత్తవి వేశాడు, గొలుసు బిగించాడు. పైడయ్య పెడలు తిప్పాడు. బండి ముందుకి పోయింది. ఆయన నమ్మలేదు. వెనక్కి తిప్పుకుని మళ్ళీ ముందుకి పోనిచ్చాడు. ఆ తర్వాత జూట్ మిల్లు గోడ చివరిదాకా పోయి, వంపు తిరిగి కనిపించకుండా పోయాడు. బుట్ట గేటు దగ్గరే మర్చిపోయాడు.

కథ ఇక్కడ అయిపోవాలి. ప్రభుత్వ సంస్థల్లో మంచి జరిగితే దానికి బహుమానం ఉంటుంది, అదీ చిక్కు.

తిరగడం వంటి ముఖ్యమైన పనికి అధికారి లేకపోవడం లోపమని పైవాళ్ళు గుర్తించారు. పురుషోత్తమంగారు సూర్యకళని పిలిచి, గొలుసు విభాగానికి అధిపతిగా నియమిస్తూ ఉత్తర్వు చేతిలో పెట్టారు. కాంట్రాక్టు బెంగ ఉండదు, గది ఉంటుంది, గది తలుపు మీద పేరు ఉంటుంది. ఆమె ఆ కాగితాన్ని చూస్తూ నిలబడింది. ఆర్నెల్లకోసారి వీళ్ళ గుమ్మాల్లో నిలబడాల్సిన పని తప్పుతుంది. సంతకం పెట్టిన మరుక్షణం సమాన స్థిరత్వ ఉత్తర్వు ప్రకారం గొలుసుకీ, తిరుగుడికీ మేకు పడుతుంది. వర్క్‌షాపులో ఇంకా పంచాల్సిన బండ్లు వరసగా ఉన్నాయి.

“చాలా సంతోషం సార్,” అంది. “మూఢం వెళ్ళనివ్వండి. వెళ్ళగానే చేరతాను.”

పురుషోత్తమంగారి ముఖం గంభీరమైంది. ఉత్తర్వులు మారతాయి, మూఢం మారదు. “అవునవును, తొందరపడకు. మూఢంలో చేరితే అచ్చిరాదు,” అన్నారు.

మూఢం వెళ్ళగానే ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో కొత్త పదవేమిటని విశాలాక్షిగారే మందలించారు. శ్రావణంలో సూర్యకళ తనకి టైఫాయిడ్ అని చెప్పింది. భాద్రపదం సగం నుంచీ మహాలయ పక్షాలు. దసరా నాటికి చేరమన్నారు. జాతకం చూపిస్తే దీపావళి దాకా ఆగమన్నారు సార్, అంది. ఎవరూ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఈ లోపల బండ్లు ఒక్కొక్కటే గేటు దాటుతున్నాయి. పగిలిన గోడ అలాగే ఉంది. డైరెక్టరుగారి కారు అటునుంచే వస్తుంది, పోతుంది. పాత గేటు బండ్లకి వదిలేశారు.

చలి మొదలయ్యాక ఒక ఉదయం పైడయ్య జోరుగా వచ్చి, గేటు పక్కన బండి ఆపి బుట్ట దించుకుంటున్నాడు. సూర్యకళ లోపలికి పోతోంది.

“ఇయ్యాళైనా సేరతావేటే?” అన్నాడు.

“ధనుర్మాసం మావా.”

ఆయన గుప్పెడు వేడి పప్పులు పొట్లం కట్టి ఆమె చేతిలో పెట్టాడు. బండి చక్రాన్ని చేత్తో ఓసారి గిర్రున తిప్పి చూసుకున్నాడు.

“అది ఎల్లాక ఏటుందో పంతుల్ని ఇప్పుడే అడిగి ఉంచు,” అన్నాడు.